బ్లాక్‌చైన్ చదువా? పాసు పుస్తకం బయటికి తీసే ముందు ఇది చదవండి

బీటెక్, ఎంసీఏ పూర్తి చేసిన పిల్లలున్న రైతు ఇళ్లలో ఈమధ్య ఒక కొత్త మాట వినిపిస్తోంది. ‘నాన్నా, బ్లాక్‌చైన్‌లో పీజీ చేస్తా. మంచి గిరాకీ ఉందట. ఫీజు ఇంత’ అని. ఆ ఫీజు అంకె విన్నాక రైతు చూపు ఎటు పోతుందో చెప్పనక్కర్లేదు. బీరువాలోని పాసు పుస్తకం మీదికి పోతుంది. రెండెకరాలో మూడెకరాలో ఉన్నవాడికి అంతకు మించి చూపించడానికి ఏముంటుంది?

పిల్లవాడిని వద్దనమని ఇక్కడ చెప్పబోవడం లేదు. ఆ చదువులో ఏముందో, అది మన మిరప బస్తాకూ, పసుపు కొమ్ముకూ, పొలం కాగితానికీ ఎక్కడ తగులుతుందో మీకు తెలిస్తే, సంతకం పెట్టేముందు ఇంట్లో కూర్చుని నాలుగు ప్రశ్నలు అడగగలరు. ఆ మేరకే ఈ వ్యాసం.

ఇంతకీ ఏమిటిది?

ఒక లెక్కల పుస్తకం. అంతకన్నా పెద్ద మాయ ఏమీ లేదు.

మీరు గుంటూరు యార్డులో ఒక కమీషన్ కొట్టుకు సరుకు వేశారనుకోండి. బస్తాలెన్ని, తూకమెంత, ధర ఎంత అన్నది కొట్టువాళ్ల పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం వాళ్ల దగ్గరే ఉంటుంది. రేపు అందులో ఒక అంకె మారినా మీకు తెలిసే దారి లేదు. ఇప్పుడు అదే పుస్తకం నకలు మీ దగ్గర, కొన్న వ్యాపారి దగ్గర, యార్డు ఆఫీసులో, అప్పిచ్చిన బ్యాంకులో కూడా ఉందనుకోండి. ఒక పద్దు రాస్తే అన్ని నకళ్లలోనూ పడుతుంది. ఎవరైనా ఒకచోట దిద్దితే మిగతా నకళ్లతో పొసగదు. దొంగతనం అక్కడే బయటపడిపోతుంది.

దీనికి ఇంకో కట్టుదిట్టం కూడా ఉంది. పుస్తకంలో ప్రతి పుటకూ కంప్యూటరు ఒక వేలిముద్ర లాంటిది తీస్తుంది. దీన్ని హాష్ అంటారు. పుట ఎంత పెద్దదైనా ఆ ముద్ర మాత్రం 64 అక్షరాలు, అంకెల వరుసే. పుటలో ఒక్క చుక్క మారినా ముద్ర మొత్తం మారిపోతుంది. ఆ ముద్రను తర్వాతి పుట తలమీద రాస్తారు. ఆ పుట ముద్రను దాని తర్వాతి పుట మీద రాస్తారు. ఇలా పుటకు పుట గొలుసులా ముడిపడి ఉంటుంది కాబట్టే దానికి ఆ పేరు. 40వ పుటలో అంకె దిద్దాలంటే 41, 42, ఆ తర్వాతివన్నీ తిరగరాయాలి. అదీ అందరి దగ్గరున్న నకళ్లలో.

ఈ ఆలోచన నిన్న మొన్నటిది కాదు. 1991లో అమెరికాలో స్టువర్ట్ హేబర్, స్కాట్ స్టోర్నెట్టా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కంప్యూటరు పత్రాల మీద తేదీ ఎవరూ మార్చకుండా చూడటానికి ఇలాంటి పద్ధతి రాశారు. 1995 నుంచి ఆ ముద్రలను వారం వారం న్యూయార్క్ టైమ్స్ పేపర్లో చిన్న ప్రకటనగా వేయించారు. పేపరు లక్షల ఇళ్లకు పోతుంది, అన్నీ తెచ్చి దిద్దేవాడెవడు? పాసు పుస్తకం పోయిందని మనం పేపర్లో వేయించే ప్రకటనకు ఎంత బలముందో దానికీ అంతే. 2008 అక్టోబరులో సతోషి నకమోటో అనే పేరుతో ఎవరో బిట్‌కాయిన్ మీద ఒక వ్యాసం పెట్టారు. ఆ మనిషి ఎవరన్నది ఇప్పటికీ రుజువు కాలేదు. 2009 జనవరిలో దాని మొదటి పుట రాశారు. ఆ నాణెం ధర పెరగడం తరగడం మీదే జనం కళ్లు పడ్డాయి గానీ, చదువుకునేవాళ్లకు పనికొచ్చేది దాని వెనకున్న ఈ పుస్తకం పద్ధతే.

పీజీలో ఏం నేర్పుతారు?

సైప్రస్ దేశంలోని నికోసియా విశ్వవిద్యాలయం 2014లో డిజిటల్ కరెన్సీలో ఎమ్మెస్సీ మొదలుపెట్టింది. ఈ తరహా పట్టాల్లో అదే మొదటిది. మన దేశంలో మాత్రం ఎక్కువ చోట్ల పట్టా మీద ఎంటెక్ కంప్యూటర్ సైన్స్ అనే ఉంటుంది. బ్లాక్‌చైన్ అందులో ఒకటో రెండో పేపర్లు, చివర ప్రాజెక్టు. ఇందులో చిన్నతనమేమీ లేదు. నా ఉద్దేశంలో అదే మేలు. ఎందుకో చూడండి.

ఈ విద్యకు వేళ్లు మూడు. మొదటిది రహస్య లిపి గణితం, క్రిప్టోగ్రఫీ అంటారు. ముద్ర ఎలా తీయాలి, కాగితం లేకుండా సంతకం ఎలా పెట్టాలి, ఆ సంతకం మీదేనని మీ తాళం చూపించకుండానే ఎలా రుజువు చేయాలి అన్నవి ఇందులో వస్తాయి. రెండోది నకళ్ల లెక్క. వంద చోట్ల వంద కంప్యూటర్లున్నాయి, కొన్ని చెడిపోయాయి, కొన్ని కావాలనే అబద్ధం చెబుతున్నాయి. అయినా మిగతావి ఒకే మాట మీద ఎలా నిలబడాలి? 1982లో లెస్లీ లాంపోర్ట్, మరిద్దరు కలిసి దీన్ని సేనాధిపతుల కథగా రాశారు. సంతకాల్లేని నోటిమాటలే అయితే, ముగ్గురిలో ఒకడు అబద్ధీకుడైతే మిగతా ఇద్దరూ నమ్మకంగా ఒక నిర్ణయానికి రాలేరు. నలుగురిలో ఒకడైతే రాగలరు. ఊరి తగవు తీర్చడానికి కూర్చున్న పెద్దలకు ఇది వేరే చెప్పనక్కర్లేదు గానీ, దీన్ని గణితంతో రుజువు చేయడం వేరే పని. మూడోది ఒప్పందాన్నే ప్రోగ్రాముగా రాయడం. సరుకు చేరిందని నమోదవగానే డబ్బు దానంతటదే కదిలేలా రాస్తారు. దీన్నే స్మార్ట్ కాంట్రాక్టు అంటారు.

ఈ మూడోదే పైకి తళుకుగా కనిపిస్తుంది. మూణ్ణెల్ల కోర్సులవాళ్లు అమ్మేదీ దాన్నే. కానీ మొదటి రెండూ రాని కుర్రాడు రాసిన ఒప్పందం ఎంత ప్రమాదమో 2016 జూన్‌లో లోకం చూసింది. ఎథీరియం అనే గొలుసు మీద ‘ది డావో’ అనే ఉమ్మడి పెట్టుబడి సంఘం ఉండేది. దాని ఒప్పందం రాతలో ఉన్న ఒక లొసుగు పట్టుకుని ఎవరో 36 లక్షల ఈథర్ నాణేలు లాగేశారు. తాళం పగలగొట్టలేదు, ఒప్పందంలో రాసి ఉన్నట్టే చేశారు! చివరికి ఆ ఏడాది జులైలో గొలుసునే రెండుగా చీల్చి సరిదిద్దుకోవాల్సి వచ్చింది. మార్చలేని పుస్తకం అన్నవాళ్లే కూర్చుని మార్చుకున్నారన్నమాట. మీ పిల్లవాడిని ఈ సంగతి అడిగి చూడండి. విడమరిచి చెప్పగలిగితే చదువు సరైన దారిలోనే ఉంది.

మన పంటకు ఎక్కడ తగులుతుంది?

అమెరికాలో వాల్‌మార్ట్ కొట్లలో కోసిన మామిడి ముక్కల ప్యాకెట్లు అమ్ముతారు. ఒక ప్యాకెట్ ఏ తోట నుంచి వచ్చిందో కనుక్కోమంటే పాత పద్ధతిలో 6 రోజుల 18 గంటల 26 నిమిషాలు పట్టింది. ఐబీఎం వాళ్లతో కలిసి వివరాలన్నీ బ్లాక్‌చైన్ మీద పెట్టాక 2.2 సెకన్లలో తేలింది. అందువల్ల రైతుకేం లాభం అంటారా? ఒక తోట కాయలో దోషం కనబడితే ఆ ఒక్క తోట సరుకే ఆపుతారు. లేకపోతే ఆ ప్రాంతం సరుకంతా వెనక్కి కొడతారు, తప్పు చేయని రైతూ మునుగుతాడు.

మిరపకు ఇది మరీ వర్తిస్తుంది. పురుగుమందు అవశేషాలనీ, అఫ్లాటాక్సిన్ అనీ విదేశాల్లో సరుకు తిప్పి కొడుతున్న సంగతి మీకు తెలుసు. కొచ్చిలోని సుగంధ ద్రవ్యాల బోర్డు, ఐక్యరాజ్య సమితి అభివృద్ధి విభాగం కలిసి 2021 ఏప్రిల్‌లో ఒప్పందం చేసుకున్నాయి. మన రాష్ట్రంలో ఎంపిక చేసిన జిల్లాల్లో మిరప, పసుపు వేసే 3,000 మందికి పైగా రైతులను బోర్డు వారి ఈ-స్పైస్ బజార్‌తో బ్లాక్‌చైన్ ద్వారా కలపాలన్నది ఆలోచన. ఏ చేలో ఏ మందు ఎప్పుడు కొట్టారో, ఎప్పుడు కోశారో, ఎక్కడ ఆరబోశారో కొన్నవాడు చూసుకోగలగాలన్నమాట.

ఇక్కడ ఒక మెలిక ఉంది. పంట చేతికొచ్చే పది రోజుల ముందు మందు కొట్టి, నెల క్రితమే ఆపేశానని ఫోనులో నమోదు చేస్తే? ఆ అబద్ధం కూడా అంతే భద్రంగా గొలుసులోకి ఎక్కుతుంది. బ్లాక్‌చైన్‌కు చేను కనబడదు. రాసింది తర్వాత ఎవరూ మార్చకుండా మాత్రమే అది కాపలా కాస్తుంది. రాసేటప్పుడు నిజం రాశారా లేదా అన్నది దాని పని కాదు. అందుకే ప్రయోగశాల పరీక్ష, చేను చూసే మనిషి, తూకం వేసే కాటా ఇవన్నీ మామూలుగా ఉండాల్సిందే. పీజీ ప్రాజెక్టులో మంచి సమస్య కావాలన్న పిల్లలకు ఇంతకంటే మంచిది దొరకదు. కల్లంలోంచి కంప్యూటరులోకి నిజాన్ని ఎలా చేర్చాలి?

ఇంకో సంగతి. ప్రతి జబ్బుకూ ఇదే మందు కాదు. కోల్డ్ స్టోరేజీ బాండు సంగతే తీసుకోండి. కాగితం బాండ్లున్న చోట ఒకే సరుకు మీద రెండు చోట్ల అప్పు తీసుకునే మోసానికి వీలుంటుంది. దాన్ని ఆపేందుకు గిడ్డంగుల నియంత్రణ సంస్థ, అంటే డబ్ల్యూడీఆర్ఏ, 2017లో ఎలక్ట్రానిక్ రసీదులు తెచ్చింది. సంస్థ దగ్గర నమోదైన గిడ్డంగిలో సరుకు పెడితే రసీదు కంప్యూటరులోనే పుడుతుంది. ఒక బ్యాంకు దాని మీద అప్పిస్తే రెండో బ్యాంకుకు ఆ సంగతి కనబడుతుంది. అందరూ నమ్మే ఒక సంస్థ పుస్తకం పెట్టుకుంటే చాలింది, గొలుసు అక్కర్లేకపోయింది. ఒకరినొకరు నమ్మని నలుగురు కలిసి ఒకే పుస్తకం రాసుకోవాల్సిన చోటే బ్లాక్‌చైన్ ఖర్చుకు విలువ. ఈ తేడా తెలిసినవాడే చదువుకున్నవాడు. ‘అన్నిటికీ బ్లాక్‌చైన్’ అనేవాడు ఇంకా అమ్మకంలోనే ఉన్నాడు.

పొలం కాగితాల మాట

రైతుకు అన్నిటికంటే ఆశ పుట్టేది ఇక్కడే. 2017లో మన రాష్ట్ర ప్రభుత్వం స్వీడన్‌కు చెందిన క్రోమావే అనే సంస్థతో భూమి రికార్డులను బ్లాక్‌చైన్ మీద ప్రయోగాత్మకంగా పెట్టే పని తలపెట్టింది. అవసరం లేదని ఎవరూ అనలేరు. 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో మంటలు లేచి ఫైళ్లు కాలిపోయాయి. అదే రికార్డు నాలుగు చోట్ల ముద్రలతో సహా ఉంటే ఒక గది తగలబడినంత మాత్రాన రైతు గుండె జారిపోనక్కర్లేదు.

కానీ రీసర్వే అనుభవం కూడా మరవకండి. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే తర్వాత విస్తీర్ణం తగ్గిందనీ, అన్నదమ్ములకు కలిపి ఉమ్మడి ఎల్పీఎం ఇచ్చారనీ ఎన్నో ఊళ్లలో ఫిర్యాదులు వచ్చాయి. మీ ఎకరం 92 సెంట్లు రికార్డులో ఎకరం 80 సెంట్లుగా ఎక్కిందనుకోండి. ఆ రికార్డును గొలుసులో వేస్తే 12 సెంట్ల నష్టానికి గట్టి తాళం పడినట్టే. పొరుగున తెలంగాణలో 2020లో వచ్చిన ధరణి బ్లాక్‌చైన్ కాదు, మామూలు కంప్యూటరు రికార్డే. అక్కడా తప్పు ఎక్కితే దిద్దించుకోవడానికి రైతులు ఏళ్ల తరబడి తిరిగారు. చివరకు 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి తెచ్చి, తప్పులు సరిచేసే అధికారాన్ని చట్టంలో రాయాల్సి వచ్చింది.

గొలుసులోనూ దిద్దుబాటు కుదురుతుంది. పాత పద్దు చెరపకుండా, ఫలానా ఉత్తర్వు ప్రకారం సరిచేశామని కొత్త పద్దు రాస్తారు. ఎవరు, ఎప్పుడు, ఎందుకు దిద్దారో అందరికీ కనబడుతుంది. రాత్రికి రాత్రి పేరు మార్చే ఆటలకు అది అడ్డుకట్టే. అయితే ఆ కొత్త పద్దు రాసే కలం మాత్రం తహసీల్దారు దగ్గరే ఉంటుంది. సర్వేయరు గొలుసు సరిగా పట్టాకే కంప్యూటరు గొలుసు. అంతవరకూ మీ పాత అడంగల్ నకళ్లు, లింకు డాక్యుమెంట్లు పారేయకండి.

ఉద్యోగాలున్నాయా?

ఉన్నాయి. కానీ చెప్పుకుంటున్నంత నిలకడగా లేవు. కేంద్ర ప్రభుత్వం 2024 సెప్టెంబరులో ‘విశ్వస్య’ పేరుతో బ్లాక్‌చైన్ వేదికను ప్రారంభించింది. భువనేశ్వర్, పుణె, హైదరాబాద్ డేటా కేంద్రాల నుంచి అది నడుస్తుంది. ఐఐటీ కాన్పూర్ 2021 డిసెంబరు 28న తన స్నాతకోత్సవంలో బ్లాక్‌చైన్ మీద పట్టాలిచ్చింది. దొంగ సర్టిఫికెట్లు పట్టుకోవడానికి అది పనికొస్తుంది.

మరోవైపు చూడండి. ఓడల సరుకు లెక్కలకోసం మేర్స్క్, ఐబీఎం కంపెనీలు 2018లో తెచ్చిన ట్రేడ్‌లెన్స్‌ను ఆపేస్తున్నట్టు 2022 నవంబరులో ప్రకటించాయి. పోటీ ఓడల కంపెనీలు, రేవులు, ప్రభుత్వాలు తగినంతగా కలిసి రాకపోవడమే కారణం. ఆస్ట్రేలియా స్టాకు మార్కెట్ కూడా అదే నెలలో తన బ్లాక్‌చైన్ పనిని వదిలేసి సుమారు 25 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు నష్టం కింద రాసుకుంది. అంతటి సంస్థలే చేతులు కాల్చుకున్నప్పుడు, ఆ ఒక్క మాట మీదే కట్టిన చదువు ఎంత బరువు మోస్తుంది? అందుకే ఎంటెక్ కంప్యూటర్ సైన్స్ మేలన్నది. బ్లాక్‌చైన్ గాలి తగ్గినా క్రిప్టోగ్రఫీ వచ్చినవాడికి బ్యాంకుల్లో, సైబర్ భద్రతలో పని దొరుకుతుంది. ఒకే పంట వేసి కూర్చున్నవాడి కష్టం మీకు కొత్తగా చెప్పాలా?

చదువు పేరుతో మోసం కూడా ఉంది, జాగ్రత్త. 2014లో బల్గేరియా నుంచి వన్‌కాయిన్ అని ఒకటి బయల్దేరింది. వాళ్లు పైకి అమ్మింది ‘విద్యా ప్యాకేజీలు’. పాఠాలు కొంటే నాణేలు వస్తాయన్నారు, పదిమందిని చేర్పిస్తే కమీషన్ అన్నారు. వెనక అసలు బ్లాక్‌చైన్ లేనే లేదు. మన నవీ ముంబైలో సభ పెట్టి జనాన్ని చేర్పిస్తుంటే 2017లో పోలీసులు పట్టుకున్నారు. దాని స్థాపకుల్లో ఒకరికి 2023లో అమెరికా కోర్టు 20 ఏళ్ల శిక్ష వేసింది. కోర్సుతో పాటు నాణేలు ఇస్తామన్నా, స్నేహితులను చేర్పించమన్నా అది చదువు కాదు. లేచి వచ్చేయండి.

ఇక డబ్బు సంగతి

ముందుగా పైసా ఖర్చు లేని దారి. ఐఐటీ ఖరగ్‌పూర్ ఆచార్యులు చెప్పిన ‘బ్లాక్‌చైన్ అండ్ ఇట్స్ అప్లికేషన్స్’ అనే 12 వారాల పాఠం ఎన్‌పీటెల్‌లో ఉచితంగా ఉంది. పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు. పిల్లవాడిని ముందు అది పూర్తిచేయమనండి. నాలుగో వారానికే మానేస్తే మీకు లక్షలు మిగిలినట్టు.

పూర్తిచేశాడు, ఇంకా కావాలంటున్నాడు. అప్పుడు అడగండి. ఇది యూజీసీ గుర్తించిన పట్టానా, ‘పీజీ సర్టిఫికెట్’ మాత్రమేనా? పెద్ద సంస్థ పేరుండి, నడిపేది ఇంకో ప్రైవేటు కంపెనీ అయిన ఆన్‌లైను సర్టిఫికెట్లు చాలా ఉన్నాయి. నేర్చుకోవడానికి పనికిరావని కాదు. కానీ వాటిని ఎంటెక్‌తో సమానంగా చూడరు. వాటికి ఇప్పించే అప్పులకు చాలా చోట్ల మొదటి నెల నుంచే వాయిదా కట్టాలి.

గేట్ పరీక్షలో అర్హత తెచ్చుకుని ఏఐసీటీఈ గుర్తింపున్న కాలేజీలో ఎంటెక్ రోజువారీ కోర్సులో చేరితే నెలకు 12,400 రూపాయల ఉపకార వేతనం వస్తుంది. 24 నెలలకు 2,97,600 రూపాయలు. మిరప ధర పడిపోయిన ఏడాది ఎకరం మీద ఏం మిగిలిందో లెక్క వేసుకుని ఈ అంకెను పక్కన పెట్టి చూడండి. గేట్ రాకపోతే పీజీఈసెట్ ఉంది. బీఎస్సీ కంప్యూటర్స్ చదివిన పిల్లలు ఐసెట్ రాసి ఎంసీఏలో చేరవచ్చు.

బ్యాంకు అప్పు తప్పదంటే ఈ ముక్క బాగా గుర్తుంచుకోండి. విద్యా రుణాల పరపతి హామీ పథకం కింద ఇచ్చే అప్పుకు 7.5 లక్షల రూపాయల దాకా పొలం తాకట్టు గానీ, మూడో మనిషి జామీను గానీ అడగకూడదు. తల్లిగానీ తండ్రిగానీ సహ రుణగ్రహీతగా సంతకం పెట్టాలి, అంతే. 2024 నవంబరులో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో, జాబితాలో ఉన్న మంచి సంస్థల్లో సీటు వస్తే తాకట్టూ జామీనూ రెండూ అక్కర్లేదు. కుటుంబ ఆదాయం ఏటా 8 లక్షల లోపుంటే 10 లక్షల దాకా అప్పు మీద చదువు కాలంలోనూ, ఆ తర్వాత ఏడాదీ 3 శాతం వడ్డీ రాయితీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. దరఖాస్తు పోర్టల్లోనే చేయాలి. సంస్థ పేరు ఆ జాబితాలో ఉందో లేదో ఫీజు కట్టే ముందే చూడండి. జాబితా ఏటా మారుతుంది. మామూలుగా విద్యా రుణం వాయిదాలు చదువు ముగిసిన ఏడాదికి మొదలవుతాయి. కానీ వడ్డీ మొదటి రోజు నుంచే పెరుగుతూ ఉంటుంది. వీలైతే ఏ నెల వడ్డీ ఆ నెల కట్టేస్తే తర్వాత బరువు తగ్గుతుంది. బ్యాంకు మేనేజరు ‘పొలం పెట్టండి’ అంటే ఏ నిబంధన ప్రకారమో కాగితం మీద రాసిమ్మని మర్యాదగా అడగండి.

గేట్ పరీక్ష ఏటా ఫిబ్రవరిలో జరుగుతుంది, ఆ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. దరఖాస్తులు మామూలుగా ఆగస్టు ఆఖరులో మొదలై నెల రోజులకు అటూ ఇటుగా ముగుస్తాయి. సరిగ్గా మనకు మిరప నాట్ల రోజులు. పిల్లవాడు చేలో సాయానికి వచ్చినా సరే, ఆ గడువు దాటిపోకుండా సాయంత్రం ఇంటికి పంపి దరఖాస్తు పెట్టించండి.